ముందు నూనె, తర్వాత నీళ్లు

దోర్నపాల్ సంతలో ఎండుచేపల వరస అయిపోయి బట్టల వరస మొదలయ్యే చోట ఉప్పలమ్మ తన నీలం పట్టా పరుస్తుంది. నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెడుతుంది. ఇటు నుంచి చేపల వాసన, అటు నుంచి కొత్త గుడ్డల గంజి వాసన వస్తాయి. మధ్యలో ఆమె పౌడర్ డబ్బా మూత తీస్తే ఆ కాసేపు మల్లెలు పూసినట్టు ఉంటుంది. మూత పెట్టగానే మళ్లీ చేపలే.

ఆ పట్టా మీద ఖరీదైనది ఒక్కటీ ఉండదు. దువ్వెనలు, పిన్నీసులు, రిబ్బన్లు, గోళ్లరంగు, పటిక ముక్కలు, కలరా ఉండలు, కొబ్బరినూనె బుడ్లు, ముఖం తెల్లబరిచే క్రీమ్. హిందీ మాట్లాడేవాళ్లు మనిహారీ అంటారు, తెలుగువాళ్లు ఫ్యాన్సీ సామాను అంటారు. కొనేవాళ్ల కోసం ఉప్పలమ్మ నోట్లో నాలుగు భాషలు తిరుగుతుంటాయి. సామానుతో పాటు ఆమె ఒక కిటుకు కూడా ఇస్తుంది. పటిక ముక్కను బిందెలో తిప్పి వదిలితే వాగునీళ్లు తేటపడతాయి. అదే ముక్క తడిపి చంకలో రాసుకుంటే చెమట వాసన రాదు. దోమతెర చిరిగితే అంచుకు గోళ్లరంగు పూయాలి, చిరుగు ఇంక పాకదు. చీర మీద నూనె మరక పడితే పౌడర్ చల్లి పొద్దున దులపాలి.

"గివన్నీ నీకెవలు చెప్పిన్రు అక్కా?" అని అడుగుతారు ఆడవాళ్లు.

"మీరే చెప్పిన్రు. ఆ సంతల విన్నది ఈ సంతల చెప్త. నాదేం బోయింది," అంటుంది ఉప్పలమ్మ.

ఆమె పుట్టింది చర్ల దగ్గర, గోదావరి వారన. పెళ్లయి మద్దేడ్ వచ్చింది. ఒక వానాకాలం మొగుడికి జ్వరం మెదడుకెక్కింది. వాగు తగ్గేలోపు మనిషి చల్లబడ్డాడు. ఆడబిడ్డ అమ్మే గాజుల గంపను తన నెత్తికెత్తుకుని ఉప్పలమ్మ అప్పుడు బయటికి నడిచింది, ఇప్పటికీ నడుస్తూనే ఉంది. గంప పోయి సంచి వచ్చింది, కాలిబాట పోయి జీపు వచ్చింది. దారిలో పోలీసు బలగాల క్యాంపు గేటు దగ్గర దిగి సంచి విప్పి చూపిస్తుంది. జవాను పౌడర్ డబ్బా ఊపి, మూత తీసి, వాసన చూసి ఇచ్చేస్తాడు. ఎన్నేళ్లు చూసినా అందులో పౌడరే ఉంటుంది.

తను అమ్మే క్రీమే తనూ పూసుకుంటుంది. అందుకే ఉప్పలమ్మ ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు.

చలి వెనక్కి పోతున్న రోజుల్లో ఈ ఊళ్లు ఖాళీ అవుతాయి. పిల్లలూ పెద్దలూ మూటలు కట్టుకుని తెలంగాణ వైపు మిర్చి ఏరను పోతారు. ఎరుపు చేతులకు అంటుకుంటుంది. చేతులు కడిగినకొద్దీ మండుతాయి. ఆ రోజుల్లో ఉప్పలమ్మ దగ్గర నూనె బుడ్లు ముందు అయిపోతాయి, వాటితో ఒక మాట కూడా పోతుంది: "నీళ్లు ముట్టద్దు. ముందు నూనె రుద్దండి, పిండితోటి తుడవండి. నీళ్లు ఎనుక." తిరిగొచ్చిన ఆడవాళ్లు అరచేతులు చూపించి నవ్వేవారు. పనిచేసిందని చెప్పడానికి వాళ్లకు అదొక్కటే తీరు.

అట్లా పోయే ముందు ఒక సంతలో దేవే వచ్చి పట్టా ముందు కూర్చుంది. పెళ్లీడు పిల్ల. వాగు అవతలి పల్లెలో ఉండే లక్మే పెద్దకూతురు. తడి నల్లరేగడి మీద ఎండ పడితే ఎట్లా ఉంటుందో ఆ పిల్ల ఒళ్లు అట్లా ఉండేది. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. చిన్నప్పుడు తల్లే దగ్గరుండి పొడిపించింది.

"అక్కా, ఈ బొట్లు పోయేది ఏమన్న ఉన్నదా?"

"పచ్చబొట్టు యాడికి బోతదే. సచ్చినా నీతోటే వస్తది."

"మిర్చి కాడ పోరలు నవ్వుతాండ్రు. అడివిపిల్ల వచ్చిందిరో అంటాండ్రు."

ఉప్పలమ్మ ఆ పిల్లను దగ్గరికి జరుపుకుంది. తడిగుడ్డతో పిల్ల ముఖం తుడిచింది. క్రీమ్ పూసి, ఆరనిచ్చి, పౌడర్ అద్ది, గడ్డం మీద ఇంకొంచెం అద్దింది. అద్దం ఇచ్చింది. చుక్కలు లేవు. దేవే అద్దాన్ని దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది.

"ఇది నేనేనా అక్కా?"

"నువ్వే. ఎండ తగలని నువ్వు."

అప్పుడే లక్మే చింతపండు అమ్ముకుని ఖాళీ గంపతో వచ్చింది. కూతుర్ని చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఎవలీమె? నా బిడ్డ యాడ బోయింది?" అంటూ పట్టా వెనక, సంచి వెనక, దేవే వీపు వెనక వెతికింది. చేపలమ్మే ఆమె కూడా నవ్వింది. దేవే సిగ్గుపడి పమిట అడ్డం పెట్టుకుంది, పౌడర్ మాత్రం తుడుచుకోలేదు. ఆ క్రీమూ పౌడర్ డబ్బా మూటలో పెట్టుకునే మిర్చికి పోయింది.

ఇప్పపూలు రాలడం మొదలైనప్పుడు కబురు వచ్చింది. మిర్చి బస్తాల ట్రాలీ కాలవ గట్టు మీద పల్టీ కొట్టింది. బస్తాల మీద కూర్చున్నవాళ్లు కింద పడ్డారు, బస్తాలు వాళ్ల మీద పడ్డాయి. మిగిలినవాళ్లు లేచారు. దేవే లేవలేదు.

మూడో రోజు మధ్యాహ్నం జోగ మోటారు సైకిల్ మీద దోర్నపాల్‌లో ఉప్పలమ్మ అద్దె గది ముందు ఆగాడు. జోగ లక్మేకు అన్న, దేవేకు మేనమామ. దిగకుండానే మాట్లాడాడు.

"బండిల తెచ్చిన్రు. ఆడోళ్లు నీళ్లు పోయబోయిన్రు. పోయంగనే చేతులు మంటలు. తల నిండ మిర్చే ఉన్నది. ఎవలూ దగ్గరికి పోతలేరు." కొంచెం ఆగి, "నువ్వేదో నూనె సంగతి చెప్తవంట గదా," అన్నాడు.

ఉప్పలమ్మ సంచి భుజానికి తగిలించుకుని వెనక కూర్చుంది.

వాకిట్లో పందిరి కింద మంచం మీద దేవే ఉంది. ఆడవాళ్లు దూరంగా చేతులు ఎడంగా చాపి కూర్చున్నారు. అందరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. ఏడుపు ఎంతో, మిర్చి ఎంతో చెప్పలేం. లక్మే మాత్రం గడపలో అటు తిరిగి కూర్చుంది. అప్పటిదాకా తల తిప్పి చూడలేదంట.

ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. కన్నతల్లి బతికుంటే, ఆమె ముఖం చూసి పేరు పెట్టి ఒక్కసారి పిలవాలి. పిలిచాకే మేనమామ కొత్తగుడ్డ కప్పుతాడు, గుడ్డ కప్పాకే మట్టి. పిలవకుండా మట్టి చేస్తే పోయినవాళ్లు దారి తెలియక అక్కడే నిలబడి ఉంటారంటారు. జోగ భుజం మీద కొత్తగుడ్డ మడత విప్పకుండా ఉంది. పొద్దు వాలేలోపు కావాలి. ఎండలో ఇంక ఆగదు.

"ఇప్పనూనె తేండ్రి. ఎంతుంటే గంత," అంది ఉప్పలమ్మ.

నూనె జుట్టులోకి పోసి వేళ్లతో కుదుళ్ల దాకా పట్టించింది. నూనె ఎర్రగా కారింది. దానితో పాటు గింజలు, తొడిమలు, తొక్కల ముక్కలు రాలాయి. బియ్యప్పిండి చల్లి తుడిచింది. మళ్లీ నూనె, మళ్లీ పిండి. ఆ తర్వాతే సబ్బు, నీళ్లు. నీళ్లు మామూలు నీళ్లలాగా కారాయి. చేతులు మండలేదు. దూరంగా కూర్చున్న ఆడవాళ్లు అది చూసి ఒక్కొక్కరే దగ్గరికొచ్చారు. ఒకామె కాళ్లు కడిగింది, ఒకామె పసుపు రాసింది. జుట్టు దువ్వుతుంటే ఇప్పపూల వాసన వచ్చింది, నూనెదో చెట్టుదో.

ముఖం మిగిలింది. ఒక చెంప మీద నల్లగా కమిలి ఉంది. ఉప్పలమ్మకు అద్దం గుర్తొచ్చింది, దాన్ని దూరం పెట్టుకుని చూసుకున్న పిల్ల గుర్తొచ్చింది. ఈ పిల్ల ఏం కోరుకున్నదో ఈ వాకిట్లో తనకొక్కదానికే తెలుసు. సంచి విప్పింది. క్రీమ్ పూసింది, పౌడర్ అద్దింది. కమిలిన చెంప పోయింది. చుక్కలు పోయాయి. పనిచేసింది. ఎప్పటికంటే బాగా పనిచేసింది. చెమట పట్టని ముఖం మీద పౌడర్ చెదరదు.

"లక్మే, వచ్చి చూడు చెల్లే."

లక్మే లేచి వచ్చింది. మంచం పక్కన నిలబడి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎవలీమె?" అంది.

ఆడవాళ్లు జోగ వైపు చూశారు.

"నా బిడ్డ యాడ బోయింది?" ఈసారి ఆమె దేని వెనకా వెతకలేదు. ముఖం మాత్రం విప్పారింది. మూడు రోజులుగా రాయిలా ఉన్న ముఖంలోకి జీవం వచ్చింది. "అన్నా, ఈమె ఎవల బిడ్డనో. సున్నం లెక్క ఉన్నది. నా దాని గడ్డం మీద బొట్లుంటయి, నేనే ఏపిచ్చిన గద. పాపం దీని తల్లికి కబురు చేయండ్రి. నాది మిర్చి కాడనే ఉన్నది."

అని, పొయ్యి చూసుకోవాలన్నట్టు కొంగు బిగించుకుంది.

జోగ ఉప్పలమ్మ వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "ఏం జేసినవమ్మా నువ్వు," అన్నాడు.

ఉప్పలమ్మ గుడ్డ తడిపి ముఖం తుడవసాగింది.

"ముట్టకు అక్కా, పరాయిబిడ్డ," అంది లక్మే.

చుక్కలు ఒక్కొక్కటే పైకి తేలాయి. కానీ ముఖం దేవే ముఖం కాలేదు. మూడు రోజుల చావు దాన్ని బూడిద చేసింది. పౌడర్ పోయిన చోట పౌడర్ కంటే తెల్లనిదేదో మిగిలింది. లక్మే చుక్కల్ని చూసింది, మళ్లీ ఆ బూడిదను చూసింది. "గసువంటి బొట్లు శానామందికి ఉంటయి," అంది. ఆ మాట చిన్నగా వచ్చింది.

ఉప్పలమ్మ సంచిలో చెయ్యి పెట్టి వెతికింది. ఆ సంచిలో ఉన్నవన్నీ తెల్లబరిచేవే. ఇన్నేళ్ల సంతల్లో ఈ పిల్లల రంగున్న డబ్బా ఒక్కటి కూడా ఆమె అమ్మలేదు, ఎవరూ అడగలేదు.

గోడ వారగా చిప్పలో ఎర్రమట్టి ఉంది, గోడలు అలకడానికి ఇంటివాళ్లు తెచ్చిపెట్టుకున్నది. దీపం గూట్లో మసి ఉంది. గిన్నె అడుగున ఇప్పనూనె మిగిలింది. మూడూ అరచేతిలో కలిపింది. ముందు మరీ ఎరుపైంది, తర్వాత మరీ నలుపైంది.

"లక్మే, నీ చెయ్యి ఇటియ్యి."

లక్మే ఎందుకని అడగకుండా ఇచ్చింది. ఆ చేతిని పిల్ల చెంప పక్కన పెట్టి, ఆ రంగు చూసుకుంటూ, ఇంకొంచెం మట్టి, ఇంకొంచెం మసి కలుపుతూ పూసింది. నుదురు, కళ్ల కింద, కమిలిన చెంప. నూనెతో కలిసిన మట్టి చర్మంలా మెరిసింది. లక్మే ముందు ఎటో చూస్తూ చిన్నకూతురు బుధ్రి ఇప్పపూలు ఏరుకుని ఇంకా రాలేదని ఏదో చెబుతోంది. తర్వాత మాట ఆగింది. తన చెయ్యి ఎక్కడ అయిపోతోందో, ఆ ముఖం ఎక్కడ మొదలవుతోందో ఆమె కళ్లు వెతుకుతున్నాయి.

చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. ఉప్పలమ్మ వదల్లేదు.

"చాలు అక్కా."

ఉప్పలమ్మ ముక్కు పక్కన పూసింది.

"చాలు. ఇంక పుయ్యకు. నీ కాళ్లు మొక్కుత."

గడ్డం ఒక్కటే మిగిలింది. చుక్కల మీద పడకుండా చుట్టూ వేలికొసతో పూసింది. అప్పుడు చెయ్యి వదిలింది.

లక్మే మంచం పట్టె మీద కూర్చుంది. పొద్దెక్కినా లేవని పిల్లను లేపుతున్నట్టు, చెవి దగ్గరికి వంగి పిలిచింది.

"దేవే."

జోగ కొత్తగుడ్డ మడత విప్పాడు.

ఆ మట్టి, ఆ మసి ఉప్పలమ్మ అరచేతి గీతల్లో కొన్నాళ్లు ఉండిపోయాయి. నూనె రుద్దినా పిండి రుద్దినా పోలేదు. తర్వాత ఎప్పుడో వాటంతటవే పోయాయి. తెల్లక్రీమ్ అమ్మడం ఒకటి రెండు సంతలు మానేసింది. పిల్లలు వచ్చి అడిగి, బట్టల వరస చివర ఇంకో పట్టా దగ్గరికి పోయారు. మళ్లీ తెచ్చి పెట్టింది.

ఏడాది తిరిగి మిర్చి రోజులొచ్చాయి. లక్మే చింతపండు గంప దించి పట్టా ముందు కూర్చుంది. ఆ రోజు తర్వాత ఆమె ఇక్కడికి రావడం అదే మొదలు. అద్దం చేతిలోకి తీసుకుని, చూసుకోకుండానే బోర్లించి పెట్టింది.

"అక్కా, ఆనాడు నువ్వు తుడవకపోతే ఏం బోయేది?"

ఉప్పలమ్మ రిబ్బన్లు సర్దుతూ ఉండిపోయింది.

"గట్లనే ఉంచితే నాది ఆడనే ఉండేది. మిర్చి కాడ. ఇయ్యాళ్ల పోయి చూసుకుందును." కోపంగా అనలేదు. సంతలో ఏదో దొరకలేదన్నట్టు అంది. తర్వాత నూనె బుడ్ల వైపు చెయ్యి చాపింది. "రెండియ్యి. నాకొకటి, బుధ్రికొకటి. అదీ వస్తాంది ఈసారి."

ఉప్పలమ్మ తల ఎత్తింది. "దాన్ని ఎందుకే, చిన్నది..."

"ఇంట్ల ఒక్కతి ఉంటదా?"

ఉప్పలమ్మ రెండు బుడ్లు తీసి, మూతలు గట్టిగా తిప్పి, కారకుండా గుడ్డపీలికలు చుట్టి ఇచ్చింది. లక్మే బుడ్లు గంపలో పెట్టుకుని లేచింది.

"ముందు నూనె, నీళ్లు ఎనుక," అంది లక్మే. "గంతే గద అక్కా?"

"గంతే," అంది ఉప్పలమ్మ.