అక్కర్లేదన్న అంతస్తు

కర్నూల్లో ఏసీ మెకానిక్ మాబు సాహెబ్ తెలియని దుకాణదారులు తక్కువ. పదహారేళ్ళప్పుడు ఐసు ఫ్యాక్టరీలో అమోనియా ఘాటుకు కళ్ళు మండుతుంటే పని నేర్చుకున్నాడు. తర్వాత వట్టివేళ్ళ కూలర్లు, కిటికీ ఏసీలు, స్ప్లిట్ ఏసీలు, ఏది చేతికొస్తే అది విప్పి చూసుకుంటూ, యాభై మూడో ఏటికి చిన్నపాటి కాంట్రాక్టరయ్యాడు. బాగున్న యంత్రాన్ని చెడిపోయిందనడు, అక్కర్లేని గ్యాసు నింపడు అని ఊళ్ళో పేరు. పెద్ద పెద్ద కంపెనీలవాళ్ళు వచ్చి ఎంత చెప్పినా, చివరికి "మాబు అన్నను ఒక మాట అడుగుదాం" అనేవాళ్ళు ఉండేవారు.

అవినాష్ కూడా అలాగే అడిగాడు.

అవినాష్ తండ్రి తిమ్మయ్య ఆలూరు దగ్గర మెట్ట పొలాలు చేసుకుంటూ, పత్తి వ్యాపారంలో నాలుగు డబ్బులు చూసి కర్నూలు చేరినవాడు. ఆయన పెట్టిన చిన్న బట్టల అంగడిని కొడుకు మూడంతస్తుల షోరూము చేస్తున్నాడు. కింద చీరలు, మధ్య అంతస్తులో రెడీమేడ్లు, పై అంతస్తులో సగం గోడౌను, సగం కుట్టుపని గది. కొన్న చీరకు అక్కడే ఫాల్ వేసి, జాకెట్టు కుట్టి ఇవ్వాలని అతని ఆలోచన. జనవరిలో మాబు సాహెబ్‌ను పిలిపించి, సున్నం వాసన ఇంకా పోని గోడల మధ్య నిలబెట్టి ఒక కాగితం చేతికిచ్చాడు.

"అన్నా, హైదరాబాదు కంపెనీవాళ్ళు ఇచ్చినారు. మూడంతస్తులకు కలిపి ఒకటే సిస్టమంట. మిషన్లన్నీ మిద్దె మీద పెడ్తారంట. యాడ జనముంటే ఆడ ఎక్కువ, లేని చోట తక్కువ, మనిష్టమంట. రేటు చూస్తే కండ్లు తిరుగుతాండాయి. నువ్వేమంటావ్?"

మాబు సాహెబ్ కాగితం ఆసాంతం చదివాడు. కంపెనీవాళ్ళు బాగానే లెక్కకట్టారు. కింద పెళ్ళిళ్ళ గిరాకీతో కిటకిటలాడే వేళ మధ్య అంతస్తు ఖాళీగా ఉండొచ్చు. పైన నడినెత్తిన ఎండ పడే కప్పు. ఇలాంటి భవనానికి అదే సరైన పద్ధతి అని అతనికి తెలుసు. అయితే అది తన చేతి పని కాదు. ఆ యంత్రాలు బిగించాలంటే కంపెనీ శిక్షణ ఉండాలి. అవునని చెప్తే, ముప్పయ్యేడేళ్ళ పనిలో ఎన్నడూ రానంత పెద్ద కాంట్రాక్టు గుమ్మందాకా వచ్చి వెనక్కిపోతుంది.

"రెండ్రోజులు టైమియ్యండి సార్. నేనూ ఒక లెక్క చూస్తా" అన్నాడు.

ఇంటికి వెళ్ళి లెక్క వేశాడు. గాలిని రేకు గొట్టాల్లోంచి పంపే డక్టు ఏసీలు, అంతస్తుకు రెండు చొప్పున. మూడంతస్తులకూ వేస్తే హైదరాబాదు రేటుకు దగ్గరగా వచ్చింది. అంత కొద్ది తేడాకైతే అవినాష్ పెద్ద కంపెనీవైపే మొగ్గుతాడు. మాబు సాహెబ్ కాసేపు కలం ఆపాడు. ప్రతి గదికీ కిటికీలెన్ని, దీపాలెన్ని, మనుషులెందరు అని రాసుకునే అలవాటు అతనిది. పై గది దగ్గర మనుషులు అన్నచోట ఏమీ రాయకుండా ఒక గీత గీశాడు. ఏడు కుట్టు మిషన్లు మెట్లెక్కి పైకి పోవడం ఆ ఉదయమే తన కళ్ళతో చూశాడు.

ఇంకొకటి కూడా చేశాడు. బయట పెట్టే యూనిట్లను మిద్దె మీదికి ఎక్కించాలంటే క్రేను కావాలి, ఇనుప స్టాండ్లు కావాలి, రాగి పైపు పొడవు పెరుగుతుంది. భవనం వెనక పై అంతస్తు కిటికీల కింద వెడల్పాటి సజ్జ ఉంది. కింది రెండంతస్తులవి నాలుగూ అక్కడే పెడితే పని తేలిక. వేడిగాలి నేరుగా పైకి చిమ్ముతుంది, పైనున్నవి కుట్టు గది కిటికీలు. అదీ అతనికి తెలుసు.

లెక్క చూపించినప్పుడు అవినాష్ మొహం విప్పారింది. కానీ ఒక మాట అడిగాడు.

"పైన కుట్టేవాళ్ళు కూచుంటారు గదన్నా, వాళ్ళకేమన్నా పెట్టల్లేమో?"

"గిరాకీ వచ్చే తావు కాదు గద సార్. కిటికీలు పెద్దవుండాయి, ఫ్యాన్లు పెట్టండి. అక్కర్లేదు."

"నిజమేనా? నేరుగా మిద్దె కింద గదా. ఎండ శానా ఉంటాది."

"కుట్టేవాళ్ళకు అలవాటే సార్."

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తర్వాత మాబు సాహెబ్‌కు ఎన్నోసార్లు గుర్తొచ్చింది. అవినాష్ తలూపి, హైదరాబాదు కాగితాన్ని మడిచి సొరుగులో పడేశాడు.

ఉగాదికి ముందు షోరూము తెరిచారు. లోపలికి అడుగుపెట్టినవాళ్ళు "అబ్బ, ఎంత సల్లగా ఉండాదో" అంటుంటే అవినాష్ పదిమందికీ మాబు సాహెబ్‌ను చూపించాడు. దండ వేశాడు. ఆ దండ మెడలో ఉన్నంతసేపూ మాబు సాహెబ్ చూపు మెట్లవైపు పోతూనే ఉంది. పైకి మాత్రం ఎక్కలేదు.

ఏప్రిల్ చివర్లో అతని భార్య దౌలత్ బీ ఆ షోరూముకు వెళ్ళింది. కూతురు ఫిరోజా కొత్తగా స్కూల్లో టీచరుగా చేరింది. చీరలకు జాకెట్లు కావాలి. కొలతలివ్వడానికి తల్లీకూతుళ్ళు పైకి వెళ్ళివచ్చారు. ఇంటికొచ్చాక దౌలత్ బీ చెంగుతో మెడ తుడుచుకుంటూ భర్తతో అంది:

"ఫిరోజా అబ్బా, ఆ పైన గది చూసినారా మీరు? కిటికీలన్నీ మూసుకొని కూచున్నారు పాపం ఆడోళ్ళు. తెరిస్తే సెగ కొడ్తాదంట. కింద పెట్టిన మిషన్లదంట ఆ సెగ. మీరే కదా పెట్టింది?"

"ఓనరు చూపించిన తావులో పెట్టినాం" అన్నాడు మాబు సాహెబ్, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ.

ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో అతను భార్యకు అబద్ధం చెప్పడం అదే మొదలు. దౌలత్ బీ నమ్మింది. "డబ్బున్నోళ్ళు అంతే" అంది. ఆ మాట అవినాష్‌కు తగలాల్సింది కాదు.

మే రెండో వారంలో ఫిల్టర్లు శుభ్రం చేయడానికి వెళ్ళినప్పుడు, ఇక తప్పించుకోలేక పైకి ఎక్కాడు. తలుపు తీయగానే వేడి మొహాన కొట్టింది. కిటికీలకు తడి గోనెసంచులు కట్టారు. అవి అరగంటకే ఎండిపోతాయట. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, వేడినే తిప్పుతున్నాయి. ఏడుగురు ఆడవాళ్ళు తలలు వంచుకుని కుడుతున్నారు. చెమట గుడ్డమీద పడకుండా ఒక్కొక్కరూ మోచేతికి పాత బట్ట చుట్టుకున్నారు. వాళ్ళలో పెద్దది గిడ్డమ్మ. యాభై దాటిన మనిషి. ఆలూరు పక్క పల్లెలో వానల్లేక సేద్యం వదిలి, భర్త పోయాక కర్నూలొచ్చి కల్లూరులో అద్దెకుంటోంది. మిషను ఆపి కుండలోంచి నీళ్ళు ముంచి అతనికిచ్చింది.

"కూచో అన్నా. కింద మీరు పెట్టిన ఏసీలు శానా బాగుండాయంట గదా. మేం మధ్యాన్నం బువ్వకు కిందికి పోతే, మళ్ళీ పైకి రాబుద్ధి కాదు."

వాళ్ళలో ఒకామె, కృపమణి, తల ఎత్తకుండానే అడిగింది. "మాకు పెట్టనియ్యలేదా అన్నా సారు? దుడ్లు ఎక్కువైతాయన్నాడా?"

మాబు సాహెబ్ నీళ్ళు తాగుతూ తల ఊపాడు. అవునన్నట్టూ కాదన్నట్టూ కాకుండా ఊపాడు. వాళ్ళు దాన్ని అవునుగానే తీసుకున్నారు.

కిందికి దిగాక బండి స్టార్ట్ చేయబోయి ఆగాడు. అవినాష్ లోపల కౌంటర్ దగ్గరే ఉన్నాడు. పది అడుగులు. వెళ్ళి చెప్తే అయిపోతుంది. "పెళ్ళిళ్ళ సీజను, ఇప్పుడు పని మొదలుపెడితే అంగడి మూయాల. సీజను అయిపోనీ" అనుకున్నాడు. అది కారణం కాదని తెలిసీ బండి తోలుకుని వెళ్ళిపోయాడు.

సరిగ్గా పదకొండు రోజులకు అవినాష్ ఫోను చేశాడు.

"అన్నా, పైన గిడ్డమ్మ పడిపోయింది. ఒళ్ళు పెనం మాదిరి కాల్తాంది. ఆస్పత్రికి తీసుకొచ్చినాం. ఒకసారి రాగలవా?"

ఆస్పత్రి వరండాలో గిడ్డమ్మ తమ్ముడు ఓబుళేశు అవినాష్ ఎదురుగా నిలబడి అరుస్తున్నాడు. "గిరాకీకైతే చలి పెడ్తివి, మా అక్కను పైన ఉడకబెడ్తివి! ఒక మిషను పెడితే నీ ఆస్తి కరిగిపోతాండెనా?" చుట్టూ జనం చేరారు. అవినాష్ తలవంచుకుని నిలబడ్డాడు. జనం విడిపోయాక అవినాష్ వచ్చి మాబు సాహెబ్ పక్కన బెంచీమీద కూలబడి మెల్లగా అన్నాడు:

"తప్పు నాదేనన్నా. సెగ కొడ్తాందని వాళ్ళు ఒకసారి చెప్పినారు. ఎండాకాలం అంతే గదా అనుకుంటి. నాకు తోచకపాయె."

అతను నిందించి ఉంటే మాబు సాహెబ్‌కు కాస్త ఊపిరాడేది. "నువ్వే కదా అక్కర్లేదంటివి" అని ఒక్కమాట అన్నా వాదించుకోవడానికైనా వీలుండేది. అవినాష్‌కు ఆ మాట గుర్తే ఉన్నట్టు లేదు. మాబు సాహెబ్ టీ తెస్తానని లేచి వెళ్ళాడు.

వడదెబ్బ గట్టిగానే తగిలింది గిడ్డమ్మకు. రెండ్రోజులు మనుషుల్ని పోల్చుకోలేదు. మూడో రోజు తెలివొచ్చింది గానీ కుడిచెయ్యి వణుకు పట్టుకుంది. కొన్నాళ్ళకు తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఈ మాట దౌలత్ బీ ఎవరిద్వారానో విని, ఇంట్లో చెప్తూ మళ్ళీ అవినాష్‌ను తిట్టింది.

"ఆయన్ను అనొద్దు" అన్నాడు మాబు సాహెబ్.

"ఎందుకనొద్దు?"

"ఆయన రెండుసార్లు అడిగినాడు. అక్కర్లేదన్నది నేను."

దౌలత్ బీ అతని చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టింది.

షోరూములో అవినాష్‌ను కుట్టు గదిలోకి రమ్మని అడిగాడు మాబు సాహెబ్. గిడ్డమ్మ మిషను మీద గుడ్డ కప్పి ఉంది. మిగిలిన ఆరుగురూ పని ఆపారు. ఓబుళేశును కూడా పిలిపించాడు. అందరిముందూ చెప్పాడు. హైదరాబాదువాళ్ళది మంచి పద్ధతని తెలిసీ చెప్పలేదని, పని తనకే రావాలని పై గదిని లెక్కలోంచి తీసేశానని, సారు అడిగితే కుట్టేవాళ్ళకు అలవాటే అన్నానని, యూనిట్లు సజ్జమీద పెట్టింది కూడా తన సులువుకేనని. "సారుకేం తెల్దు. నన్ను నమ్మినాడు" అన్నాడు.

కృపమణి వెంటనే అంది. "ఆ పొద్దు మేం అడిగినప్పుడు తల ఊపితివే!"

"ఊపితిని తల్లీ."

అవినాష్ మొహం ఎర్రబడింది. "రెండుసార్లు అడిగితి గదన్నా నిన్ను. నిన్ను కాబట్టి మూడోసారి అడగల్యా" అని గబగబా దిగిపోయాడు. ఓబుళేశు కొడతాడేమో అనుకున్నాడు మాబు సాహెబ్. అతను కొట్టలేదు. అక్క మిషను మీది గుడ్డ సర్ది, పక్కకు తిరిగి నిలబడ్డాడు. కొడితేనే బాగుండేది.

మర్నాడే క్రేను వచ్చింది. రెండు రోజులు అంగడి మూయించి, నాలుగు యూనిట్లనూ మిద్దె మీదికి ఎక్కించాడు. పై గదికి రెండు ఏసీలు బిగించాడు. కప్పు మీద తెల్ల సున్నం మందంగా వేయించాడు. ఖర్చంతా తనదేనన్నాడు. అవినాష్ వద్దనలేదు, మంచిదనీ అనలేదు. ఆ తర్వాత "అన్నా" అని పిలవడం మానేశాడు. పని ఉంటే "మాబు సాబ్" అంటాడు.

జూన్ మొదట్లో గిడ్డమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె గడపలో కూర్చుని ఎడమచేత్తో చింతకాయలు ఒలుస్తోంది. తమ్ముడు అప్పటికే అంతా చెప్పాడు. మాబు సాహెబ్ మళ్ళీ మొదటినుంచీ చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది.

"తెలుసులేప్పా. ఒకటే అడగల్లని ఉండె. కుట్టేవాళ్ళకు అలవాటే అంటివంట?"

"అంటిని."

"ఎవురు చెప్పినారు నీకు?"

కిందపడిన చింతకాయ ఒకటి వంగి తీసి, అతను ఆమె ముందు పెట్టాడు.

"ఒక్కసారి పైకొచ్చి, ఎట్లుండాదమ్మా అని అడిగింటే చెప్పింటాం గదా" అంది. గొంతులో కోపం లేదు. క్షమించానని కూడా అనలేదు. ఒలిచిన చింతకాయలు చేటలో వేసుకుంటూ, "ఎండకు నిలబడొద్దు, లోపలికి రా" అంది.

జూలైలో అవినాష్ ఆమెను కింద చీరల దగ్గర పెట్టాడు, గిరాకీకి చూపించిన చీరలు మడతపెట్టే పనికి. సూదిలో దారం ఎక్కించే చెయ్యి కాదిప్పుడది. వారం తిరక్కుండానే ఆమె మాబు సాహెబ్‌కు కబురంపింది. వెళ్ళేసరికి భుజాల చుట్టూ దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది.

"ఈడ సలికి సస్తాండా. నెత్తిమీదనే పడ్తాంది గాలి. ఏమన్నా చెయ్యి."

నిచ్చెన వేసి, గాలి వచ్చే జాలీ రెక్కల్ని అవతలికి తిప్పాడు. "ఇప్పుడెట్లుండాదమ్మా?" అని అడిగాడు.

"ఇంగా వస్తాంది."

మరికొంచెం తిప్పాడు. మళ్ళీ అడిగాడు. ఆమె కాసేపు చూసి, దుప్పటి తీసి పక్కన పెట్టింది. పని అయిపోయినా అతను నిచ్చెన దిగలేదు. కింద గిడ్డమ్మ ఒక పట్టుచీర అంచుకు అంచు కలపడానికి ప్రయత్నిస్తోంది. కుడిచెయ్యి వణికి మడత జారిపోయింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టింది.