ఆట చూడవచ్చిన అవ్వ

మోకాలు చూపించుకుందామని పోయిన వారం నాగర్‌కర్నూల్ దవాఖానకు వెళితే, ఎక్స్‌రే వెలుగుకెత్తి చూసిన కుర్ర డాక్టరు, ఇది బాగా పాత దెబ్బలా ఉంది, వయసులో ఆటలాడేవారా అని అడిగాడు. ఆ ఒక్క మాటతో మనసు వనపర్తి కాలేజీ మైదానంలోకి వెళ్లిపోయింది.

తెలకపల్లి దగ్గర మెట్ట సేద్యం చేసుకునే మా నాన్నకు, కొడుకు ఫుట్‌బాల్ ఆడుతున్నాడంటే అదేం పంటో అర్థమయ్యేది కాదు. నేను మాత్రం కాలేజీ జట్టులో ఎడమవైపు నుంచి బంతిని తీసుకుని ఉరికేవాణ్ణి. చివరి సంవత్సరం ఒక పోటీలో మోకాలు తిరిగిపోవడంతో పెద్ద జట్ల మీద ఆశ వదులుకుని, వ్యాయామ ఉపాధ్యాయుడి శిక్షణ పొంది, వీపనగండ్ల మండలంలోని ఒక బడిలో చేరాను. నేను గెలవలేనివన్నీ పిల్లల చేత గెలిపించాలన్న పంతం ఉండేదప్పుడు.

ఆ బడిలో ఆడపిల్లల జట్టు కట్టినప్పుడు అందరికన్నా చురుకైనది ఒక కూలివాళ్ల అమ్మాయి. గద్వాలలో పోటీలు దగ్గర పడుతున్నాయనగా ఆ పిల్ల రావడం మానేసింది. ఇంటికి వెళితే అమ్మానాన్నలు పట్నంలో మట్టిపనికి పోవడానికి గిన్నెలు మూటగడుతున్నారు. పిల్లను ఉంచమని నేను బతిమాలితే తండ్రి తల వంచుకుని, "ఎవలకు అప్పజెప్పి పోవాలె సారూ, ఆడపిల్లనాయె" అన్నాడు. ఏటా వాళ్లతోపాటే మట్టి మోసే అవ్వ, ఆయన తల్లి, మూలనుంచి లేచింది.

"నేనుంట. దీనికింత రొట్టె చేసిపెడ్త. పిల్లను సదువుకోనీ, ఆడుకోనీ," అంది. కొడుకు ఎంత చెప్పినా వినలేదు.

గద్వాలకు ఆ అవ్వ కూడా మాతో బస్సెక్కి వచ్చింది. మైదానం గీత పక్కన కూర్చుని, రెఫరీ ఈల ఊది మనుమరాలిని ఆపితే చాలు, "బంతి కోసమే ఉరికింది గద, అవతలి పిల్లనేం జేసింది?" అని లేచేది. ఆయన నవ్వుకుని ఊరుకునేవాడు. చివరికి ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. తిరుగు ప్రయాణంలో పిల్లల వైపు చూడకుండా నేను కిటికీలోంచి చూస్తుంటే, అవ్వ నా పక్కకొచ్చి కూర్చుంది.

"గట్ల మొకం పెట్టుకున్నవేంది సారూ? ఎవలకు దెబ్బ తాకలే. పిల్లలు మంచిగ ఉరికిర్రు. ఇంకేం గావాలె?"

గెలుపోటములు తప్ప మరో లెక్క అప్పటిదాకా నాకు తెలియదు. మర్నాటి నుంచి పిల్లలతో మాట్లాడే నా గొంతు మెత్తబడింది. ఆ అమ్మాయి మళ్లీ వలస పోలేదు. పదో తరగతి దాటి, డిగ్రీ చదివి, ఇప్పుడు పోలీసు శాఖలో పనిచేస్తోంది. అవ్వ ఆ ఉద్యోగం చూడకుండానే పోయింది.

మా మెట్ట ఊళ్లన్నీ ఏళ్లుగా కలగన్నట్టే కాలువ నీళ్లొచ్చాయి, ఊళ్లు విడిచిపోయేవాళ్లు తగ్గారు. ఊళ్లోనే ఉన్న పిల్లలు మాత్రం బడి వదలగానే ట్యూషన్లకు పోతున్నారు. మొన్న ఆ బడి మైదానం వైపు వెళితే గోలుస్తంభాల నడుమ ఎవరో వడ్లు ఆరబోశారు. ఆ నేలమీద అంత పంట చూస్తే కడుపు నిండింది. గింజలు తొక్కకుండా అంచునుంచి నడిచి, పిల్లల కేక ఒక్కటైనా వినబడుతుందేమోనని చాలాసేపు ఆగాను.