బల్ల ఆదివారం నాటి పోహా

కరోనా తర్వాత రెండో ఏడాది మే నెలలో నన్ను బోధన్ పాస్టరేట్‌కు బదిలీ చేశారు. మా సంఘాల్లో బదిలీలన్నీ వేసవిలోనే జరుగుతాయి, పిల్లల చదువులు చెడకుండా. పాస్టరేట్ అంటే పట్టణంలోని పెద్ద గుడి, చుట్టుపక్కల ఊళ్లలోని చిన్న గుళ్లు కలిపి ఒక గురువు కింద ఉండే ఏర్పాటు. ఆ గురువును కాగితాల మీద ప్రెస్బిటర్ అంటారు, జనం అయ్యగారు అంటారు. ప్రెస్బిటర్ల పైన జిల్లా చైర్మన్, ఆయన పైన బిషప్. నాకు అదే చివరి పోస్టింగు. ఇంకో రెండేళ్లలో రిటైర్మెంటు.

ఈ ఉద్యోగంలో నాకు తీరకుండా మిగిలిన కోరిక ఒక్కటే. నిజామాబాద్‌లో ఏటా ఉజ్జీవ కూటాలు, అంటే విశ్వాసాన్ని మళ్లీ రగిలించే పెద్ద సభలు, జరుగుతాయి. వాటిలో ముఖ్య ప్రసంగం ఎవరు చెయ్యాలో జిల్లా చైర్మన్ నిర్ణయిస్తారు. నాతో చదివినవాళ్లు ఆ వేదిక ఎక్కారు, నా వెనక చదివినవాళ్లు ఎక్కారు, చివరికి నా దగ్గర డీకన్‌గా పని నేర్చుకున్నవాడు కూడా ఎక్కాడు. నేను మాత్రం ప్రతి ఏడూ రెండో వరసలో కూర్చుని పాటల పుస్తకం తిరగేసేవాణ్ణి. ఎక్కినవాళ్లు ఎవరెవరు ఏ వాక్యానికి తప్పు అర్థం చెప్పారో నాకు ఇప్పటికీ గుర్తే.

బోధన్‌లో నేను చేరేనాటికి గుడి సగానికి సగం ఖాళీగా ఉండేది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక క్వార్టర్ల కుటుంబాలు చాలా వెళ్లిపోయాయి, ఉన్నవాళ్లు కరోనా రోజుల్లో ఫోన్‌లో ఆరాధన చూడడానికి అలవాటుపడ్డారు. దీనికి మందుగా మా కార్యదర్శి రాజారత్నం ఒక ఆలోచన చెప్పాడు. ఆయన స్కూలు టీచరు, ఏ పనినైనా టైంటేబుల్ వేసి చేసే మనిషి. నెలకోసారి, మూడో ఆదివారం పొద్దున గుడి పక్క హాల్లో అందరికీ టిఫిను పెట్టాలి. టిఫినయ్యాక బయటినుంచి పిలిచిన ఒకరు, తన పనిలో విశ్వాసం ఎలా పనికొచ్చిందో ఇరవై నిమిషాలు చెప్పాలి. ఆ తర్వాత పది గంటలకు మామూలు ఆరాధన.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. మా దగ్గర సాక్ష్యం వేరు, వాక్యం వేరు. తన జీవితంలో జరిగింది చెప్పుకోవడం సాక్ష్యం, అది ఎవరైనా చెప్పవచ్చు. బైబిల్ వాక్యాన్ని విప్పి చెప్పడం గురువు పని. చివరన చేతులెత్తి ఇచ్చే ఆశీర్వాదం కూడా అభిషేకం పొందిన గురువే ఇవ్వాలి. టిఫిను కూడికలో పిలిచినవాళ్లది సాక్ష్యం, పది గంటలకు నాది వాక్యం. ఆ లెక్కన నాకేమీ ఇబ్బంది లేదనుకున్నాను.

మొదటి నెల ఒక బ్యాంకు ఆఫీసరు మాట్లాడాడు, రెండో నెల డిచ్‌పల్లి నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. జనం బాగానే వచ్చారు. మహారాష్ట్ర సరిహద్దు దగ్గర కనక మా వైపు పోహా, అంటే అటుకుల ఉప్మా మీద అందరికీ మోజు. పల్లీలు, నిమ్మకాయ, పక్కన మిర్చి బజ్జీ ఉంటే ఎవరు రారు? జనం పోహాకే వస్తున్నారని నేను నిశ్చింతగా ఉన్నాను.

మూడో నెల రాజారత్నం పిలిచిన మనిషి డాక్టర్ జయపాల్. మోర్తాడ్‌లో పశువైద్యుడిగా చేసి రిటైరయి నిజామాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. నా భార్య సుగుణకు సొంత తమ్ముడు. తమ్ముడు వస్తున్నాడని సుగుణ ముందురోజే కొత్త కర్టెన్లు వేసింది. బిషప్ గారు వచ్చినప్పుడు కూడా పాతవే ఉన్నాయి.

జయపాల్ చేతిలో చీటీ ముక్క కూడా లేకుండా లేచాడు. కమ్మర్‌పల్లి దగ్గర ఒక బర్రె ఈనలేక తిప్పలు పడుతోందట. దూడ అడ్డం తిరిగింది. ఇతను భుజం దాకా చెయ్యి పెట్టినా దూడ కాలు అందడం లేదు.

"ప్రభువా, గీ చెయ్యి ఇంకో జానెడు పొడుగు చెయ్యి అని అడిగిన. చెయ్యి ఏడ పొడుగైతది? గప్పుడు బర్రె ఒక్కసారి ఊపిరి ఇడిసింది. కాలు దొరికింది. నేను నా దిక్కు చూస్తున్న, దేవుడేమో బర్రె దిక్కుకెళ్లి వచ్చిండు."

హాలంతా నవ్వింది. నవ్వుతూనే కొందరు కళ్లు తుడుచుకున్నారు. జవాబు రాని ప్రార్థన గురించి నేను అంతకుముందే మూడు ఆదివారాలు వరసగా, గ్రీకు మాటలతో సహా చెప్పి ఉన్నాను. అప్పుడు తుడుచుకున్నవాళ్లు చెమట తుడుచుకున్నారు. బర్రె ఊపిరిని ప్రార్థనకు జవాబుగా చెప్పడం సిద్ధాంతపరంగా ఎక్కడ నిలుస్తుందని నేను కుర్చీలో కూర్చుని ఆలోచిస్తూ ఉన్నాను. నా కడుపు మండిపోయింది. వేరే మాట వెతకడం దండగ.

పది గంటలకు గుళ్లోకి వెళ్లి చూస్తే టిఫినుకు వచ్చినవాళ్లలో కొందరు లేరు. ఇవాళ్టికి వాక్యం అయిపోయిందనుకుని ఇళ్లకు పోయారట. ఉన్నవాళ్లు ఆరాధన తర్వాత నా చెయ్యి పట్టుకుని అడిగింది నా ప్రసంగం గురించి కాదు.

"డాక్టర్ సాబ్ మల్ల ఎప్పుడస్తడు అయ్యగారూ?"

జయపాల్‌ను రెండుసార్లు, మూడుసార్లు పిలిచారు. బాప్తిస్మం తీసుకునేవాళ్లు నాకు చెప్పకముందే అతనికి ఫోన్ చేస్తున్నారు. కొత్త ఇంటి ప్రార్థనకు నన్ను పిలిచిన ఒకాయన, మీ బామ్మర్ది కూడా వస్తే బాగుంటది అయ్యగారూ అన్నాడు. ఇంట్లో సుగుణ రోజూ తమ్ముడి ముచ్చటే. ముప్ఫై ఏళ్లకు పైగా నేను చెప్పిన ప్రసంగాలు విన్న మనిషి, బర్రె ముచ్చట మాత్రం పక్కింటివాళ్లకు అప్పజెప్పింది.

అలా ఉండగా, నా రిటైర్మెంటుకు ముందు చలికాలంలో, జిల్లా చైర్మన్ గారి నుంచి కబురు వచ్చింది. వచ్చే నెల మొదటి ఆదివారం బోధన్ వస్తారు, టిఫిను కూడిక కూడా చూస్తారు, ఆరాధనలో కూర్చుంటారు. ఉజ్జీవ కూటాల ప్రసంగికుణ్ణి ఎంచుకునే ముందు ఆయన ఇలా గుళ్లు తిరుగుతారని మాకందరికీ తెలుసు. నాకు మిగిలిన అవకాశం అదొక్కటే.

రాజారత్నం వెంటనే ఆ నెల టిఫిను కూడికను మొదటి ఆదివారానికి జరిపి, జయపాల్‌కు ఫోన్ చేశాడు. కమిటీలో నేను అభ్యంతరం చెప్పాను. మొదటి ఆదివారం బల్ల ఆదివారం, అంటే ప్రభువు బల్ల సంస్కారం, రొట్టె ద్రాక్షారసం ఇచ్చే రోజు. పరగడుపునే బల్ల తీసుకోవడం మా పెద్దవాళ్ల అలవాటు. మా ఆరాధన క్రమంలో అలాంటి నియమం లేదు, కానీ నియమాలకన్నా గట్టిగా పాటిస్తారు. తిననివాళ్లు టిఫినుకు ఎందుకు వస్తారు, హాలు ఖాళీగా ఉంటే చైర్మన్ గారి ముందు పరువు పోతుంది అన్నాను.

"తినేటోళ్లు తింటరు అయ్యగారూ. డాక్టర్ సాబ్ ఒప్పుకున్నడు, ఇగ మార్చద్దు" అన్నాడు రాజారత్నం.

నేను రెట్టించలేదు. చెప్పవలసింది చెప్పాను, మినిట్స్‌లో కూడా రాయించాను. పైగా లోపల లోపల హాయిగా ఉంది. పోహా లేకపోతే జయపాల్ బలమెంతో తేలిపోతుంది. ఖాళీ హాలు చూసి చైర్మన్ గారు నిండిన గుళ్లోకి వస్తారు, అక్కడ నేనుంటాను.

ఆ ఆదివారం హాల్లోకి అడుగుపెట్టి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. కుర్చీలు చాలక గోడ వెంబడి నిలబడ్డారు. టేబుల్ మీద పెద్ద గిన్నెలో పోహా, మూత పెట్టి ఉంది. ప్లేట్లు దొంతరగా అలాగే ఉన్నాయి. ముసలివాళ్లు ముట్టడం లేదని పడుచువాళ్లు కూడా ముట్టలేదు. ముందు వరసలో శాంతమ్మ అవ్వ కూర్చుంది. ఆమె మా సంఘంలో అందరికన్నా పెద్దది, జ్వరమొచ్చినా బల్ల రోజు మంచినీళ్లు ముట్టదు. ఇంత పొద్దున్నే ఎందుకొచ్చావవ్వా, పది గంటలకు రావచ్చు కదా అన్నాను.

"తిననీకి రాలె అయ్యగారూ, ఇననీకి వచ్చినం" అంది.

చైర్మన్ గారు ఆమె వెనకే కూర్చున్నారు. మాట వినబడి తలాడించారు.

జయపాల్ లేచి మూత పెట్టిన గిన్నె వైపు చూశాడు. అనుకున్నదేమిటో పక్కన పెట్టాడని నాకు అర్థమైంది.

"ఎద్దు మేత ముట్టకపోతే రైతింట్ల ఎవ్వలు బువ్వ ముట్టరు. నేను ఎన్ని ఇండ్లల్ల చూసిన! గది ఉపవాసమని వాళ్లకు తెల్వది. మనకు పేరు తెలుసు, వాళ్లకు పని తెలుసు."

ఇరవై నిమిషాలు దాని మీదే మాట్లాడాడు. ఎవరూ కదల్లేదు. ఆ రోజు ప్రసంగం కోసం నేను రెండు వారాలు కూర్చున్నాను. అతనికి పోహా గిన్నె చూసినంతసేపు పట్టింది.

పది గంటలకు నా వంతు. గుడి నిండింది, అది నిజం. కానీ ఆ జనానికీ పోహాకూ మధ్య అడ్డంగా ఉన్నది నేనే. పట్టుదలకు పోయి ప్రసంగం మామూలుకన్నా పొడిగించాను. రాజారత్నం హాలు తలుపు వైపే చూస్తున్నాడు. మూడో వరసలో ఎవరి కడుపో గుర్రుమంది, నలుగురు తలలు వంచుకుని నవ్వుకున్నారు. చైర్మన్ గారు గడియారం చూసుకున్నారు. అతని ముందు ఇష్టంగా పస్తు కూర్చున్నవాళ్లకు నా దగ్గరికి వచ్చేసరికి ఆకలేసింది. బల్ల అయ్యి, ఆశీర్వాదం ఇచ్చి చేతులు దించేలోపే సగంమంది హాల్లో ఉన్నారు. చల్లారిన పోహా గిన్నె అడుగంటా ఊడ్చేశారు.

వెళ్తూ వెళ్తూ చైర్మన్ గారు నన్ను కారు దగ్గరికి పిలిచారు. ఈ ఏడు ముఖ్య ప్రసంగం గురువు కాని ఒక సంఘస్థుడి చేత చెప్పించాలనుకుంటున్నామని, డాక్టర్ జయపాల్‌ను ఒప్పించే పని నాదేనని అన్నారు. సరేనన్నాను. ఈ ఉద్యోగంలో పైవాళ్లకు చెప్పే మాట అదొక్కటే.

ఆ సాయంత్రం ఫోన్ చేస్తే, "నువ్వుండంగ నేను మాట్లాడుడేంది బావా" అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు, అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది. రానంటే రానన్నాడు. నేను ఒక జీవితమంతా కోరుకున్నదాన్ని తీసుకోమని అతన్ని గంటసేపు బతిమాలి ఒప్పించాను. పక్కన సుగుణ నిలబడి వింటోంది. ఫోన్ పెట్టేశాక టీ పెట్టి తెచ్చింది.

కూటాల రోజు జయపాల్ ప్రసంగించాడు. అతనికి అభిషేకం లేదు కనక చివరి ఆశీర్వాదానికి ఒక గురువు కావాలి. నన్ను పిలిచారు. ఆ వేదిక ఎక్కి, అతని మాటలకు ఇంకా తడి ఆరని మొహాల మీదికి చేతులెత్తి, రెండు వాక్యాలు చెప్పి దిగాను. రెండూ కంఠస్థం వచ్చినవే.

ఈ వృత్తిలోకి వద్దామనుకునే వాళ్లు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, దీనిలో కష్టమైన పని ఏదని. సమాధి కార్యక్రమాలు, ఆస్పత్రి దర్శనాలు అని చెబుతాననుకుంటారు. మాట్లాడేవాడి పక్క కుర్చీలో కూర్చోవడం అంటాను. మొహం అందరికీ కనబడుతూ ఉంటుంది, ఎవరూ నేర్పరు. నేను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. జనం దేనికి వస్తున్నారో తెలియాలంటే తిండి పక్కన పెట్టి చూడాలి. నేను చూశాను. తేలింది నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

మొన్నీమధ్య నిజామాబాద్‌లో ఒక సంఘం వాళ్లు తమ టిఫిను కూడికలో మాట్లాడమని ఫోన్ చేశారు. తప్పకుండా వస్తానన్నాను. బల్ల ఆదివారం కాదు కదా అని మాత్రం ముందే అడిగి కనుక్కున్నాను.