తబితా గొంతు, ఈనక్ పేరు

యార్క్ నగరంలో నాకంటే బాగా కోతలు కోసేవాడు ఎవడైనా ఉంటే నా ముందుకు తీసుకురండి, నా బూట్లు విప్పి వాడికి తొడుగుతాను. బడిలో లాటిన్ పంతులు నన్ను బెంచీ ఎక్కించీ ఎక్కించీ చివరికి కిటికీ ఎక్కడం కూడా నేర్పాడు. అలా దూకినవాణ్ణి మళ్లీ లోపలికి పోలేదు. ఉరికి పోయేవాళ్ల చివరి మాటలు అచ్చేసిన కాగితాలు అమ్మడం నా పని. మనిషి ఇంకా జైల్లో గంజి తాగుతూ ఉండగానే, వాడు ఉరికొయ్య కింద ఏం చెప్పి ఏడ్చాడో నా సంచిలో సిద్ధంగా ఉండేది. ఒకడైతే బండిలో పోతూ పోతూ నా దగ్గర ఒకటి తీసుకుని చదివి, "బాగుందే, ఇలాగే చెప్తాలే" అన్నాడు. నమ్మకపోతే మానేయండి. తబితా మూర్‌సమ్ సంగతి మాత్రం నమ్మాలి. అందులో నేను కలిపింది తక్కువ.

తబితా కసాయి వీధి మొదట్లో బోటి అమ్మేది. ఆవు పొట్టలు, పేగులు నదిలో కడిగి, సున్నపు నీళ్లలో తోమి, ఉల్లిపాయలు వేసి ఉడకబెట్టి, పైన ఇంత వెనిగర్ చల్లి ఇచ్చేది. బోటి సంగతి అలా ఉంచండి, ఆ గొంతు! "వేడి వేడి బోటీ!" అని ఆమె ఒక్క కేక వేస్తే పెద్ద చర్చిలో పాదిరి ప్రార్థన మధ్యలో పేజీ తప్పేవాడు. నది మీద పడవవాళ్లకి నోట్లో నీళ్లూరి పడవలు వాటంతట అవే ఒడ్డుకు వచ్చేవి. మొగుడు ఆ నదిలోనే పోయాడు. పిల్లలు లేరు. ఆమెకున్న ఆస్తీ అండా ఆ కేకే.

అలాంటి గొంతు మీద కంతి లేచింది. మొదట బఠాణీ గింజంత, తర్వాత కోడిగుడ్డంత. జలగలు పట్టించింది. ఉప్పు కాపడం పెట్టింది. కంతి మాత్రం అద్దె కట్టే మనిషిలా దర్జాగా కూర్చుంది. కేక కాస్తా గురకైంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదు.

"ఏమే తబితా, బాతును మింగావా?" అంది కసాయి పెళ్లాం గ్రిసెల్.

"మీ ఆయన అమ్మిందేలే. ఒంట్లో ఎముక తప్ప ఏం లేదు, అందుకే దిగట్లేదు."

నోరు అలా ఆడుతున్నా కళ్లలో భయం కనిపించేది. బేరాలు సగానికి పడిపోయాయి. ఇక మిగిలింది ఆడవాళ్లందరికీ తెలిసిన మందు ఒక్కటే. ఉరి తీసిన మనిషి చెయ్యి చల్లబడకముందే కంతి మీద రుద్దుకోవాలి. నేవ్స్‌మైర్ మైదానంలో ఎప్పుడు ఉరి జరిగినా మెడలకు గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్లు బారులు తీరి నిలబడేది అందుకే. అయితే ఈ మందుకు ఒక పథ్యం ఉంది. ఎవరి చెయ్యి తగిలిందో ఆ మనిషి పేరు ఈ జన్మలో మళ్లీ పలకకూడదు. పలికితే కంతి వెనక్కి వస్తుంది.

ఆ వసంతంలో జడ్జీలు విచారణలకు ఊళ్లోకి వచ్చారు. చెప్పులు కుట్టే ఈనక్ స్టబ్స్‌కి శిక్ష పడింది. తపాలా గుర్రాన్ని ఆపి సంచి లాక్కున్నాడు. ఆ పెనుగులాటలో గుర్రపు మనిషి కిందపడి చచ్చిపోయాడు. దూరాన ఉన్న కొడుకుల కబుర్లు ఊళ్లో సగం ఇళ్లకి మోసుకొచ్చిన మనిషి అతను. ఈనక్ మీద జాలి ఎవరికుంటుంది? ఉరి ఒక్కటే చాలదన్నారు. ఆ తర్వాత శవాన్ని ఇనుప పంజరంలో బిగించి టాడ్‌కాస్టర్ దారి మలుపులో వేలాడదీయాలన్నారు. సమాధి లేదు.

ఉరి రోజున కోట జైలు నుంచి బయలుదేరిన బండి వంతెన దాటి, మికిల్‌గేట్ మిట్ట ఎక్కి, సారాకొట్టు ముందు ఆగింది. చివరి ముంత బీరు అక్కడే ఇస్తారు. తబితా అప్పటికే చక్రం పక్కన నిలబడి ఉంది. నేను ఆమె వెనక కాగితాలు అమ్ముతున్నాను.

ఈనక్ ముంత అందుకుని ఆమె మెడ చూశాడు. "నా చెయ్యి కోసమా తల్లీ?"

"అవునయ్యా. ఏమీ అనుకోకు."

"అనుకోడానికి పొద్దెక్కడుంది?"

జనం నవ్వారు. తలారి జేబెజ్ విసుక్కున్నాడు. "త్వరగా తాగు, నాకు అవతల పనుంది." వీడూ ఒకప్పుడు గొర్రెల దొంగతనానికి ఉరిశిక్ష పడ్డవాడే. ఈ పని ఒప్పుకుని మెడ దక్కించుకున్నాడు.

"నీ పని ఈయనేగా, గొర్రెల దొంగా!" అని ఎవరో అరిచారు.

ఈనక్ వంగి మెల్లగా అన్నాడు. "కుడిచెయ్యి ముందు నీకే ఇమ్మని చెప్తాను. నాకోటి చేసిపెడతావా? ఉరికి భయం లేదు, అది గుటకలో అయిపోద్ది. ఆ పంజరమే. రేపట్నించి 'పంజరం దగ్గర ఎడమకి తిరుగు' అంటారు. ఇంక నేను మనిషిని కాను, దారి గుర్తుని. నువ్వు అటెళ్లినప్పుడు ఒక్కసారి పేరెట్టి పిలు. పక్కింటోణ్ణి పిలిచినట్టు."

"పిలుస్తానయ్యా" అనేసింది తబితా.

బండి కదిలాక గ్రిసెల్ ఆమె చెయ్యి గట్టిగా గిల్లింది. "బుద్ధుందా? పేరెత్తకూడదని తెలీదూ?"

మాట ఇచ్చేశాక గాని ఆ పథ్యం గుర్తు రాలేదు తబితాకి.

నేను చాలా ఉరులు చూశాను. ప్రతిసారీ జనం నారింజల దగ్గరో జేబుదొంగల దగ్గరో గోల చేస్తూనే ఉంటారు. ఆ రోజు మాత్రం బండి అతని కాళ్ల కింద నుంచి జరిగినప్పుడు మైదానమంతా ఊపిరి బిగబట్టింది. పైన ఎక్కడో ఒక పిట్ట మాత్రం కూస్తోంది. కాసేపటికి జేబెజ్ తబితాను పైకి లాగి, ఆ కుడిచేతిని ఆమె మెడ మీద పెట్టాడు. సూదులతో కాయలు కాసిన చెయ్యి, ఇంకా వెచ్చగానే ఉందట. ఆమె ఏడ్చింది. నొప్పికి కాదు.

ఎండుగడ్డి కోతలనాటికి కంతి మాయమైంది! చర్మం మీద ముడత తప్ప ఏమీ లేదు. ఇది నా కోత కాదు, ఊరంతా చూసింది. కేక మునుపటి కంటే పదునెక్కి వచ్చింది. కసాయి కుక్కలు బల్లల కింద దూరాయి. బేరాలు పొంగాయి. అయితే ఉల్లిపాయల కోసం టాడ్‌కాస్టర్ దారిన పోయే మనిషి నది గట్టు చుట్టూ తిరిగి పోవడం మొదలెట్టింది.

"ఏం తబితక్కా, ఈ ఏడు ఉల్లిపాయలు నదిలో కాస్తున్నాయా?" అని ఏడిపించాను. నా మీదికి గరిటె విసిరే మనిషి, వంచిన తల ఎత్తకుండా ఉల్లిపాయలు తరుక్కుంది.

ఒక మధ్యాహ్నం పొరుగూరి బండివాడొకడు బోటి తింటూ దారి అడిగాడు. గ్రిసెల్ మాంసం కొడుతూనే చెప్పింది. "తిన్నగా పోయి పంజరం దగ్గర ఎడమకి తిరుగు."

"పంజరం దగ్గర ఎడమకి" అని వాడు వల్లె వేసుకున్నాడు.

తబితా గరిటె కింద పెట్టింది. "ఒరే, ఈ కుండ చూస్తుండు. వేలు పెట్టావో, నిన్నే ఉడకేస్తా" అని నాతో చెప్పి నడక అందుకుంది. నేనూరుకుంటానా? కుండ చంకనెత్తుకుని వెనకాలే పడ్డాను.

ఆ స్తంభం నిండా మేకులు. ఎవరూ ఎక్కి దించకుండా. పైన తారు పూసిన ఈనక్, నుదుటి చుట్టూ ఇనుప పట్టీ, గాలికి మెల్లగా తిరుగుతున్నాడు. కింద గడ్డి మోకాలెత్తు పెరిగింది. గొర్రెలు దానిని ముట్టుకోలేదు. నేను కట్టే కథల్లో ఇంతకంటే భయంకరమైనవి చాలా ఉన్నాయి. వాటిలో దేనికీ అంత నిశ్శబ్దం లేదు.

తబితా మెడ మీద చెయ్యి వేసుకుంది.

"వద్దక్కా" అన్నాను. "ఆయన చచ్చాడు, వినడు. నీ గొంతు బతికుంది."

"బతికుండగా అడిగాడురా. బతికుండగానే సరే అన్నాను."

ఊపిరి నింపుకుని, బజారులో వేసే ఆ కేకనే వేసింది. "ఈనక్! ఈనక్ స్టబ్స్! ఎలా ఉన్నావయ్యా?"

పొలంలో కోతవాళ్లు నడుములెత్తి నిలబడ్డారు. వస్తున్న గుర్రపు బండి ఆగిపోయింది. పంజరం కిర్రుమంటూ మా వైపు తిరిగింది. గాలే, నాకు తెలుసు. చంకలో కుండతోనే నేను ఎప్పుడు మోకాళ్ల మీద కూర్చున్నానో మాత్రం తెలియదు.

తొలిమంచు పడేసరికి కంతి తిరిగొచ్చింది.

"చెప్పానా లేదా?" అంది గ్రిసెల్, కోపమో ఏడుపో తెలియని గొంతుతో.

"చెప్పావే."

"వచ్చే ఉరికి మళ్లీ రుద్దుకో. ఈసారి మూగోణ్ణి చూసుకో."

"వద్దులే. ఒక్కడికిచ్చిన మాటే మెడకి బరువైంది."

ఆ తర్వాత బజారులో ఆమె కేక వేయలేదు. కుండ మీద గరిటెతో కొట్టి బేరం పిలిచేది. గొంతులో మిగిలిందంతా ఆ దారికోసం దాచుకునేది. ఉల్లిపాయలకు పోయిన ప్రతిసారీ మలుపు దగ్గర ఆగి పిలిచేది. చలికాలం చివర్లో ఒకసారి నేనూ తోడు వెళ్లాను. ఆ రోజు ఆమె నోట వచ్చింది కేక కాదు, ఆవిరి. అయినా పక్కన పోతున్న బొగ్గుల బండి గుర్రం చెవులు రిక్కించి ఆగింది.

"ఎవర్ని పిలుస్తోంది ఆవిడ?" అంది బండి మీద కూర్చున్న పడుచు.

మొగుడు టోపీ తీసి పైకి చూశాడు. "ఈనక్‌నంట. ఈయన పేరు ఈనక్."