మూత పెట్టని సీసా

మా వదినని వీధిలో అందరూ మళ్ళీచెప్పమ్మ అంటారు. మందు ఎలా వాడాలో ఒకసారి చెబుతుంది, ఆ తర్వాత "ఏదీ, మళ్ళీ చెప్పండి" అంటుంది. తడబడకుండా అప్పజెప్పేదాకా సీసాకి మూత పెట్టదు. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, ఆమె ముందు చేతులు కట్టుకుని అప్పజెప్పాల్సిందే.

అది వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి. ఆయన డాక్టరు, ఇంటి ముందుగదే ఆసుపత్రి. ఇప్పుడదే వదిన మందుల కొట్టు. వదిన మందు కలిపి చీటీ చదివితే, తమ్ముడు, అంటే మా ఆయన, తిరిగి చెప్పాలి. అప్పుడే మూత. మధ్యాహ్నం ఎండ కిటికీలోని సీసాల్లోంచి వచ్చి గోడమీద ఎర్రగా, పచ్చగా పాకేదట. ఆ రంగుల్లో చేతులు పెట్టి ఇద్దరూ ఆడుకునేవాళ్ళట. పెద్దయ్యాక కూడా మా ఆయన నిద్దట్లో ఆ గదిలోకి వెళ్ళొస్తూ ఉండేవాడు. లేచి "మందువాసన వస్తోంది కదూ" అనేవాడు. నాకు మాత్రం పొయ్యిమీద మాడే పాల వాసన వచ్చేది.

ప్రభుత్వం కూలిన ఏడాది వీధుల నిండా తుపాకులు. దెబ్బలు తిన్న కుర్రాళ్ళని మామగారు వెనకగదిలో దాచి కట్లు కట్టేవారు. ఒకరోజు సైనికులు పదిహేడేళ్ళ మా ఆయన్ని పట్టుకుపోయారు. రెండోరోజు వదిలేశారు. ఆ సాయంత్రమే మళ్ళీ వచ్చి వెనకగదిలోని కుర్రాళ్ళతోపాటు మామగారిని కూడా తీసుకెళ్ళారు. ఆయన జైల్లోనే పోయారు.

"నోరు జారింది నువ్వే కదూ?" అంది వదిన. మా ఆయన ఆ నింద నెత్తినేసుకున్నాడు. ఇల్లు వదిలి ఊరి రెండో కొసకి వచ్చేశాడు.

అసలు చెప్పింది మా అత్తగారు. కొడుకుని విడిపించుకోవడానికి సైనికుల దగ్గరికి వెళ్ళి వెనకగది సంగతి చెప్పేసింది. అక్కడే పక్కగదిలో బందీగా ఉన్న ఈయన విన్నాడు. "అక్కకి మిగిలింది అమ్మ ఒక్కతే. ఆమెని కూడా దూరం చెయ్యనా?" అంటూ నాచేత ఒట్టు వేయించుకున్నాడు. నాలాంటి వాగుడుకాయకి అదేమన్నా చిన్న శిక్షా? అత్తగారు పోయాక కూడా, పోయినావిడ మీద నింద వద్దని ఆ ఒట్టు తియ్యనివ్వలేదు. ఆయనకి ఉన్నది ఒకటే కోరిక, కన్ను మూసేలోగా అక్క ఒక్కసారి పలకరించాలని.

కిందటి నెల ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడివైపూ మాటా రెండూ పడిపోయాయి. మాత్ర మింగలేడు, నీళ్ళమందుగా కలిపించి పట్టమన్నారు. అలా కలిపేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరున్నారు? ఒట్టూ గిట్టూ పక్కనపెట్టి వదిన కొట్టుకి వెళ్ళాను.

అడుగుపెట్టగానే అదే వాసన, ఆయన కలల్లోది. గోడమీద ఆ రంగులు. ఎన్నడూ చూడని గది నేను పుట్టి పెరిగిన గదిలా అనిపించి, ఎందుకు వచ్చానో కాసేపు మర్చిపోయాను.

చీటీమీద పేరు చూసి వదిన దాన్ని బల్లమీద పెట్టేసింది.

"వదినా, ఆ రోజు చెప్పింది ఆయన కాదు" అన్నాను.

"తెలుసు. పోయేముందు అమ్మే చెప్పింది. తొమ్మిదేళ్ళయింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "తొమ్మిదేళ్ళూ ఏం చేశారు మరి?"

"ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు?"

"ఉన్న మొహమే పెట్టుకుని రండి. ఆయనకి వేరేది అక్కర్లేదు."

మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. మూత లేని సీసాకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, బస్సులో, ఊరు ఆ కొస నుంచి ఈ కొసకి. మంచం పక్కన కూర్చుంది. ఎండ సీసాలోంచి ఎర్రగా జారి ఆయన చేతిమీద పడింది. ఆయన ఆ రంగునే చూస్తున్నాడు.

"తప్పంతా నాదేరా" అంది వదిన. చీటీ తీసి చదివింది. "పూటకి ఒక చెంచా, తిన్నాక." ఆగి, "మళ్ళీ చెప్పు" అంది.

ఈవిడకి మతిపోయిందా అనుకున్నాను. మాట పడిపోయిన మనిషిని అడుగుతుందేమిటి? నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది. ఆయన పెదాలు వంకరపోయాయి. చొంగ కారితే తుడిచాను. ఎండ దుప్పటి దిగి నేలమీదకి వెళ్ళిపోయింది. వదిన మాత్రం మూత గుప్పిట్లో పట్టుకుని అలాగే కూర్చుంది.

చివరికి ముక్కలు ముక్కలుగా వచ్చింది. "అ... క్కా."

"చీటీలో ఆ మాట లేదురా" అంటూనే వదిన సీసాకి మూత పెట్టేసింది.