మగ ఈగ దొరకని గోడ

ఆఫీసులో అందరూ అతన్ని చెవులాయన అంటారు. నీళ్ల శాఖలో, భూమిలో పైపు ఎక్కడ కారుతోందో కనిపెట్టడం అతని పని. ఇనుప కడ్డీ ఒక కొన రోడ్డుకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని వింటాడు. ఇక్కడ తవ్వండి అన్నాడంటే అక్కడ తడి తగలాల్సిందే. ఇరవై రెండేళ్లలో తప్పింది రెండే రెండుసార్లు, ఆ రెండూ ఇంజనీరుగారికి ఇప్పటికీ కంఠతా వచ్చు.

అతనికి ఇంకో పిచ్చి కూడా ఉంది. లీకు ఉన్నచోట నాచు ఉంటుంది, నాచు ఉన్నచోట చిన్న చిన్న ఈగలుంటాయి. మన తిండి మీద వాలేవి కావవి. నువ్వుగింజలో సగముండి, ఎవరి జోలికీ పోకుండా బతికే జీవాలు. వాటిని సీసాల్లో పట్టి, గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం కింద రెక్కల గీతలు లెక్కబెట్టి, అట్టలూడిన పుస్తకంతో పోల్చి ఏ జాతివో తేలుస్తాడు. చదివింది పదో తరగతి. పనిలేనివాళ్లు ఈగలు తోలుకుంటారు గానీ మీరు పని మానుకుని పట్టుకొస్తున్నారని భార్య సాధిస్తుంది. సాధిస్తూనే ఖాళీ మందుసీసాలు కడిగి ఎండబెట్టి ఇస్తుంది.

చిక్కంతా పాత నీళ్ల ట్యాంకు గోడ దగ్గర వచ్చింది. ఆ గోడకు ఆనుకునే అతని చెల్లెలి అద్దె గది. భర్త పోయాక అక్కడే కుట్టుమిషను పెట్టుకుని బతుకుతోంది. ట్యాంకు అడుగున సన్నటి పగులు, దాంట్లోంచి ఊట, గోడ మీద దుప్పటంత నాచు. మూడేళ్ల కిందట ఆ నాచు మీద అతనికో ఈగ దొరికింది. నల్లటి ఒళ్లు, రెక్క మధ్యలో పొగచూరినట్టు ఒక మచ్చ. పుస్తకమంతా తిరగేసినా దాని పోలిక లేదు. దూరాన మ్యూజియంలో ఈగలు చూస్తూనే జుట్టు నెరిసిన పండితుడొకాయన ఉంటే, ఆయనకు పంపాడు. జవాబొచ్చింది. మీరు పంపినవన్నీ ఆడవి, మగదాని తోక చివరి కొక్కేలు చూస్తే గానీ వీటి జాతి తేలదు, ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టనిదే కావచ్చు, ఒక్క మగది పంపండి అని.

ఆ ఉత్తరం మనిషిని పాడుచేసింది. ఈ రకంలో మగవి ఏడాదికి రెండు మూడు రోజులే కనిపిస్తాయి, అదీ ఎండలు ముదరబోయే ముందు. మొదటి ఏడు ఆ రోజుల్లోనే ఊరి పెద్ద పైపు పగిలింది. రెండో ఏడు జ్వరంతో మంచమెక్కాడు. మరోచోట వెతుకుదామా అంటే, మిగతా నాచులన్నీ తన కడ్డీతో తనే వెతికి ఎండబెట్టేశాడు. అందుకని ఈ ఒక్క లీకునూ రిజిస్టరులో రాయలేదు. ఎంత నిజాయితీపరుడికైనా ఎక్కడో ఒకచోట బుద్ధి గడ్డి తింటుంది.

ఈలోగా చెల్లెలి గదిలో చెమ్మ పైకి పాకింది. బట్టలకు బూజు పట్టింది, ఆమెకు దగ్గు పట్టింది. ఊరందరి పైపులూ వింటావు, నా గోడ నీకు వినపడదా అన్నయ్యా అని ఒకసారి నవ్వుతూనే అడిగింది. పాత ట్యాంకు, చూద్దాంలే అని నసిగాడు. ఈగ కోసమని చెప్పడానికి నోరు రాలేదు.

మూడో ఏడు, మగవి వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. సరిగ్గా అప్పుడే ఇంజనీరు అతని చేతిలో ఒక కాగితం పెట్టాడు. ఎవరో కుట్టడానికిచ్చిన తెల్లగౌను బూజుమచ్చలతో పాడైతే, చెల్లెలు ఆఫీసుకు ఫిర్యాదు రాసింది. ఇవాళే ఆపేసి రమ్మన్నాడు ఇంజనీరు. వారం గడువు కావాలన్నాడు చెవులాయన.

"ఎందుకు?" అన్నాడు ఇంజనీరు.

ఒక మగ ఈగ పుట్టేదాకా సొంత చెల్లెలి గోడను తడవనివ్వండని ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సిమెంటు తట్ట ఎత్తుకున్నాడు.

అతన్ని చూసి చెల్లెలు గడపలోకి వచ్చింది. "నీకు మాటొస్తుందని మూడేళ్లు ఆగాను. కోపమొచ్చిందా అన్నయ్యా?"

అతను తట్ట దించాడు. నాచు గీకి బకెట్లో వేశాడు. పగులు వెడల్పు చేసి, రెండు నిమిషాల్లో రాయిలా బిగిసే సిమెంటు పూశాడు. ఊట ఆగింది. ఎండ గోడ మీదికొచ్చింది. అప్పుడు కనిపించాయి. మిగిలిన నాచు అంచున నాలుగో అయిదో, ఆడవాటికన్నా సన్నవి, గాల్లో పైకీ కిందికీ ఊగుతున్నాయి. మూడేళ్లుగా కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసినవి. రెండు చేతులకూ సిమెంటు. సిగ్గుతో సీసాల సంచీ ఆఫీసులోనే వదిలి వచ్చాడు. టోపీ తీసి విసిరాడు. అన్నీ చెదిరిపోయి, ఒకటి మాత్రం వెళ్లి చివర్లో పూసిన పచ్చి సిమెంటు మీద వాలింది.

"సూది ఇవ్వమ్మా" అన్నాడు.

ఎందుకని అడక్కుండా తెచ్చి ఇచ్చింది. సూదిమొనతో తల విడిపించాడు, రెక్కలు విడిపించాడు, మచ్చ చెదరలేదు. తోక మాత్రం సిమెంటులో బిగుసుకుపోయి, తెగి అక్కడే ఉండిపోయింది. అప్పుడిక అక్కడే కూలబడి, మూడేళ్ల సంగతీ చెల్లెలికి చెప్పుకున్నాడు. ఆమె సూది తీసుకుని లోపలికెళ్లి మిషను ముందు కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

తర్వాత రెండు రోజులూ సీసాలతో వచ్చి కాపు కాశాడు. ఒక్కటీ లేదు. గుడ్లయినా బతుకుతాయేమోనని బకెట్లోని నాచుకు రోజూ నీళ్లు పోశాడు. పారే నీటిలో బతికిన నాచు వారానికే కుళ్లి వాసనేసింది. తెగిన ఈగనే పంపాడు.

నెలకు జవాబొచ్చింది. ఆ కాగితం చెల్లెలి గదిలోనే చదువుకున్నాడు. ఆమె గోడకు కొత్తగా సున్నం వేసింది, దగ్గు తగ్గింది. ఏం రాశారని అడిగింది.

"మగదేనట. తోక లేకపోతే పేరు పెట్టలేరట. ఇంకొకటి పంపమన్నారు."

ఆమె మిషను ఆపింది. గోడ మీద చెయ్యి వేసింది. "పోనీ, మళ్లీ కొంచెం కారనిద్దామా అన్నయ్యా?"

"కారినా రావమ్మా. గుడ్లన్నీ ఆ నాచులోనే పోయాయి."

అలవాటు కొద్దీ గోడకు చెవి ఆనించాడు. పని బాగా చేశాడు. లోపల చుక్క చప్పుడు కూడా లేదు.