శింగనమల కొండలు ఎక్కిన తెల్లచొక్కా

ఉదయం ఐదుంబావు. ధర్మవరం బస్టాండులో నా తెల్లచొక్కా వెలుగు చూసి తెల్లవారిందనుకుని చుట్టుపక్కల కోళ్లన్నీ కూశాయి. ఆ చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది నా భార్య. "వచ్చే ఆదివారం పెండ్లికి ఇదే. మరక పడిందంటే చూడు" అని దీవించి పంపింది. కొండల్లో తప్పిపోతే వెతికేవాళ్లకు ఆనవాలుగా ఉంటుందని తెల్లదే ఏరుకున్నాను.

పక్కన నరసింహులు, మా వీధిలో పట్టుచీరలు నేసే మనిషి. ఈ ప్రయాణం అతని కోసమే. అతనికి పట్టు ఇచ్చి నేయించే షావుకారు నిన్న, "ఎన్నాళ్లప్పా అవే రంగులు? ఎల్లుండి పొద్దునకంతా కొత్త రంగుల జోడు చెప్పు, లేకుంటే పడుగు ఇంకొకనికి ఇస్తా" అన్నాడట. పడుగు రాకపోతే మగ్గం ఖాళీ. ఆ దిగులు నా దగ్గర చెప్పుకుంటే, శింగనమల అవతలి కొండల్లో లేని రంగు లేదనీ, అవి నాకు అరచేతి గీతలనీ కోతలు కోసేశాను. నిజానికి వాటిని బస్సు కిటికీలోంచి రెండుసార్లు చూశాను. అందులో ఒకసారి నిద్రపోతూ.

ఆరున్నరకు అనంతపురం. ఉగ్గాని, బజ్జీ తిన్నాం. నరసింహులు ఒక ప్లేటు తిన్నాడు, నా సంఖ్య దేవరహస్యం. ఏడు గంటల బస్సుకు శింగనమల, అక్కడినుంచి ఆటోలో చెరువుకట్ట దాటి కొండ అడుగుకు ఎనిమిదిన్నర. అటవీశాఖ వాళ్లకు ముందురోజే చెప్పి ఉంచాం, వెళ్లేవాళ్లు మీరూ చెప్పండి.

అక్కడ మేకలు తోలుకుపోతున్న ఒక అవ్వ ఆపింది. "యాడికప్పా?"

"రంగు చూసేకి పోతాండామవ్వా" అన్నాడు నరసింహులు.

"వానే సక్కంగ లేదంటే రంగంట! నాలుగు గంటలకంతా దిగండి, ఎలుగొడ్లు తిరుగుతాండాయి." నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వు మూడుకే దిగప్పా. వాటికి రెండు పూటలకొస్తావు."

మొదట ఎర్రనేల వాలు. రాత్రి పడ్డ నాలుగు చినుకులకే వెన్నలా ఉంది. పదో అడుగులో భూదేవికి సాష్టాంగపడ్డాను. పొట్ట మేరకు, అంటే చొక్కాలో ముక్కాలు భాగం, ఎర్రబడింది. నరసింహులు సంచిలోంచి రంగుపోగుల కట్ట తీసి మట్టికి ఆనించి చూశాడు. "ఈ రంగు నా కాడ ఉండాది" అని లోపల పెట్టేశాడు.

తొమ్మిదిన్నర నుంచి రాతిగుండ్లు. ఒక్కొక్కటి మా వీధంత. నేను నాలుగు కాళ్ల జంతువునైపోయాను. ముప్పై ఏళ్లుగా గుంటమగ్గంలో కూర్చున్నవాడు మాత్రం మేకలా పోతున్నాడు.

"మోకాళ్లు నొయ్యవా నీకు?"

"దినామూ తొక్కుతానే ఉంటా కదన్నా. మగ్గంలో ఎంత తొక్కినా ఆడనే ఉంటా. ఈడ ముందుకన్నా పోతాండా."

గుండ్ల సందున నాగజెముడు పండ్లు కనిపించాయి. ఆశపడి ఒకటి కొరికితే రసం చిమ్మి చొక్కా ఎడమ పక్కంతా రాణి రంగు కారింది. నాలుకలో దిగిన నూగుముళ్లు ఈ రోజుకీ పూర్తిగా రాలేదు. "ఇదీ ఉండాది" అన్నాడు నరసింహులు, ఇంకో పోగు చూపించి.

పదకొండున్నరకు పైకి చేరాం. అబ్బ! కనుచూపు మేర చదును, నడుము లోతు బోదగడ్డి, నలిపితే నిమ్మకాయలాంటి వాసన. నేను సంబరంతో వేసిన కేకకు కర్ణాటకలో ఎవరో "ఏనప్పా" అన్నట్టు వినిపించింది. గడ్డి ముళ్లు చొక్కాకు బంగారు పోగుల్లా కుట్టుకున్నాయి. జొన్నరొట్టె విప్పాం. నరసింహులు ముట్టలేదు.

"యాడన్నా నువ్వు చెప్పిన రంగు? మగ్గం ఆపి వచ్చినా నేను."

నేనెన్నడూ చూడని కొండ అవతలికి చెయ్యి చూపించాను.

రెండుకు అవతలి కోనలోకి దిగాం. నిలువు గోడల్లాంటి బండలు, చల్లటి నీడ, అడుగున చిన్న మడుగు. పొదలో నల్లటిదేదో కదిలింది. "ఎలుగొడ్డు!" అని నేను ఎగిరిన ఎత్తుకు గద్దలు పక్కకు తప్పుకున్నాయి. దిగింది మాత్రం పాచి మీద. ఎడమ పక్కకు పడి మడుగు అంచుదాకా జారాను. పొదలోంచి నల్లమేక వచ్చింది, వెనకే అవ్వ గొంతు: "నా మేకను బెదిరిచ్చద్దప్పా!"

నరసింహులు నవ్వలేదు. కళ్లార్పకుండా నా చొక్కానే చూస్తున్నాడు.

"కదలద్దన్నా. అట్లే నిలబడు." పోగులు ఒక్కొక్కటే నా పొట్టకు, పక్కకు ఆనించాడు. "ఒళ్లంతా ఎర్రమన్ను. అంచుకు రాణి. నడుమ సన్నగా పాచిపచ్చ. గడ్డి జరీ. రంగులన్నీ పాతవేనన్నా, ఇవి ఇట్లా ఆనుకోని కూర్చునేది నేను యాడా చూడలే... విప్పు."

నాలుగున్నర బస్సెక్కింది బనీనుతో. నరసింహులు చొక్కాను కిటికీ వెలుగులో పట్టుకుంటే ఫొటో తీసి షావుకారుకు పంపాను. అనంతపురం దాకా జవాబు లేదు. సీటు కింద నరసింహులు కాళ్లు మగ్గం తొక్కుతున్నట్టే కదులుతున్నాయి. బస్సు మారి ధర్మవరం దారిలో పడ్డాక నరసింహులు ఫోను మోగింది, షావుకారు.

"యాడ పట్టినావప్పా ఈ జోడు? పొద్దున్నే రా, పడుగు నీకే. ఆ చొక్కా తీసకరా. ఉతకద్దు!"

నరసింహులు సంచిలోంచి పొద్దుటి రొట్టె తీసి, మొత్తం తినేశాడు.

ఒక్క రోజులోనే ఎర్రనేల, గుండ్లు, గడ్డిమైదానం, కోన చూపించే ఆ కొండలకు తప్పక వెళ్లండి. తెల్లచొక్కాతోనే వెళ్లండి. ఇంకొకటి సంచిలో పెట్టుకోండి. ఇలా మనసులో రాసుకుంటుండగా నా భార్య ఫోను.

"చొక్కా బాగుందా?"

"బాగుండాది. రేపు మగ్గమెక్కుతాంది" అని జరిగిందంతా చెప్పాను.



"మొదటి చీర నాదేనని చెప్పు నరసింహులన్నకు" అంది. "నువ్వు పెండ్లికి బనీనుతోనే రా."